భీమిలి మున్సిపాలిటీ: ఊరి పద్దు ఊళ్లో వినిపించాలి
(భీమునిపట్నంలో డిగ్రీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపకులకు, ఇంత ఉక్కలోనూ ఓపిగ్గా కూర్చున్న విద్యార్థులకు ధన్యవాదాలు.

భీమిలి అనగానే బయటివాళ్లకు బీచ్ గుర్తొస్తుంది, దారిలో ఎర్రమట్టి దిబ్బలు గుర్తొస్తాయి, కొంచెం చదువుకున్నవాళ్లకు డచ్చివాళ్ల సమాధులు, పావురాలకొండ మీది బౌద్ధ విహారం గుర్తొస్తాయి. అవన్నీ గొప్పవే. కానీ నేను ఇవాళ మాట్లాడదామని వచ్చింది ఒక ఆఫీసు గురించి. ఈ ఊరి మున్సిపల్ ఆఫీసు గురించి. నా ఉద్యోగ జీవితమంతా పురపాలక శాఖలో, రెవెన్యూ విభాగంలో గడిచింది. ఇంటి పన్ను, నీటి పన్ను, డిమాండ్ రిజిస్టర్లు, ఇవే నా లోకం. అందుకని నాకు ఈ ఊరు గొప్పగా కనిపించేది ఆ వైపు నుంచే.

భీమునిపట్నం మున్సిపాలిటీ 1861లో ఏర్పడింది. దేశంలోనే బాగా పాత మున్సిపాలిటీల్లో ఒకటి. 2013లో గ్రేటర్ విశాఖ కార్పొరేషన్‌లో, మనం జీవీఎంసీ అంటాం, అందులో కలిసిపోయింది. అంటే 152 ఏళ్లు బతికింది. ఆ 152 ఏళ్లలో ఊరికి జరిగిన మేలేమిటి, కలిసిపోయాక పోయిందేమిటి అన్నదే నా విషయం. ముందే చెప్పేస్తాను: ఊరివాళ్లు కట్టిన పన్ను దేనికి ఖర్చయిందో ఊళ్లోనే, ఊరు ఎన్నుకున్న మనుషుల ముందు లెక్క చెప్పే ఏర్పాటు ఒకటి ఉండేది. అది పోయింది. దాన్ని మళ్లీ సాధించుకోవాలి.

అసలు ఇంత చిన్న ఊరికి అంత తొందరగా మున్సిపాలిటీ ఎందుకొచ్చింది? దానికి సముద్రమే కారణం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కింద నుంచి పారి, తాటిపూడి మీదుగా వచ్చిన గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. నది ఒడ్డు, వెనక కొండ, ఎదురుగా సముద్రం. ఓడల వ్యాపారానికి ఇంతకంటే అనువైన చోటు ఈ తీరంలో అప్పట్లో తక్కువ. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వచ్చి ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది అందుకే. బట్టలు, ధాన్యం కొని ఓడలకెత్తేవారు. 1754లో మరాఠా సేనలు ఉత్తర సర్కారుల మీద పడ్డప్పుడు ఈ ఊరూ దోపిడీకి గురైంది. తర్వాత యూరప్‌లో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇక్కడ జెండా మారుతూ వచ్చింది. 1795లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు, 1818లో తిరిగి ఇచ్చేశారు, చివరికి 1824లో లండన్‌లో ఇంగ్లండు, హాలండుల మధ్య జరిగిన ఒప్పందం ప్రకారం 1825లో పూర్తిగా ఇంగ్లీషువాళ్లదైంది. మీ ఊరు ఎవరి చేతిలో ఉండాలో లండన్‌లో కాగితం మీద తేల్చారు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చాక రేవు ఇంకా పెరిగింది. 19వ శతాబ్దం నడిమి నాటికి ఐరోపా వ్యాపార సంస్థలు ఇక్కడ గోదాములు కట్టాయి. నువ్వులు, కరక్కాయలు, నీలిమందు, తోళ్లు, అన్నిటికీ మించి గోగునార. మన ఉత్తరాంధ్ర మెట్ట పొలాల్లో పండే ఆ గోగునార ప్రపంచ మార్కెట్లో ఈ ఊరి పేరు మీదే అమ్ముడుపోయేది. ఇవాళ్టికీ వ్యవసాయ పుస్తకాల్లో దానికి ‘బిమ్లి జ్యూట్’ అన్న పేరు కనిపిస్తుంది. మీ తాతల ఊరి పేరు ఒక పంటకు పేరైంది.

ఆ సరుకు ఓడకు ఎలా చేరేదో కాస్త చెప్పాలి. ఇక్కడ ఓడ ఒడ్డుదాకా రాలేదు. నీళ్ల లోతు చాలదు. ఓడ సముద్రంలో దూరంగా లంగరు వేసుకుని ఆగేది. ఒడ్డు నుంచి మసూలా పడవలు వెళ్లాలి. ఆ పడవల్లో మేకు అన్నది ఉండదు. పలకను పలకకు కొబ్బరి పీచు తాడుతో కుట్టేసేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ అయితే ఒడ్డున విరుచుకుపడే కెరటం దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ కొంచెం వంగుతుంది, దెబ్బను తట్టుకుంటుంది. కుట్ల సందుల్లోంచి ఊరే నీటిని ఒకడు తోడిపోస్తూనే ఉండాలి. అలాంటి పడవ మీద నార మోపులు, నువ్వుల బస్తాలు వేసుకుని కెరటాలు దాటి వెళ్లి, ఓడ పక్కన ఊగుతూ సరుకు పైకి అందించి, మళ్లీ వెనక్కి రావడం. ఇదంతా చేసింది ఇక్కడి బెస్తవాళ్లే. రేవు చరిత్ర రాసినవాళ్లు కంపెనీల పేర్లు రాశారు, గవర్నర్ల పేర్లు రాశారు. ఆ పడవల మీద నిలబడ్డవాళ్ల పేరు ఒక్కటి కూడా నాకు ఎక్కడా కనిపించలేదు. ఆ లోటు మీలో ఎవరైనా తీర్చాలి. జాలరిపేటల్లో ముసలివాళ్ల దగ్గర కూర్చుంటే ఇంకా ఎంతో కొంత దొరుకుతుంది.

ఇక మున్సిపాలిటీ దగ్గరికొద్దాం. రేవు పెరిగితే జనం పెరుగుతారు. జనం పెరిగితే చెత్త, మురుగు, కలరా వస్తాయి. రాత్రిపూట వీధి దీపాలు కావాలి. బండ్లు తిరగడానికి రోడ్డు కావాలి. వీటికి డబ్బు ఎవరివ్వాలి? అప్పటికి దేశమంతటికీ ఉన్న చట్టం 1850 నాటి 26వ చట్టం. ఆ చట్టంలో ఒక విశేషముంది. అది ఏ ఊరి మీదా దానంతటది అమలు కాదు. ఆ ఊరివాళ్లు మాకు కావాలని కోరాలి. కోరితేనే సర్కారు అమలు చేస్తుంది. పన్ను వేసే చట్టాన్ని అడిగి తెచ్చుకునేవాళ్లెవరుంటారు? అందుకే మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా ఊళ్లు దాని జోలికి పోలేదు. విశాఖపట్నంలో 1858లో కొందరు పెద్దమనుషులు కలిసి స్వచ్ఛందంగా ఒక సంఘం పెట్టుకున్నారు. భీమిలిలో 1861 నాటికి మున్సిపాలిటీయే వచ్చింది. ప్రెసిడెన్సీ అంతటా చట్టబద్ధంగా పట్టణ సంఘాలు పెట్టే పట్టణాభివృద్ధి చట్టం వచ్చింది 1865లో. అంటే దానికంటే ముందే ఇక్కడ ఆ ఆలోచన మొదలైందన్నమాట.

ఇది విని ఇక్కడ అప్పుడే ప్రజాస్వామ్యం వచ్చేసిందని అనుకోకండి. ఆ తొలి మున్సిపాలిటీల్లో కూర్చున్నది సర్కారు నియమించినవాళ్లు. దొరలు, వర్తకులు, అధికారులు. పైగా 1865 చట్టం కింద పట్టణ పోలీసుల ఖర్చు కూడా మున్సిపాలిటీల నెత్తినే పడింది. వసూలైన పన్నులో పెద్ద ముక్క పోలీసులకే పోతే ఇంక మురుగుకాలువకేం మిగులుతుంది? 1871లో ఇంకో చట్టం వచ్చి బడులు, ఆస్పత్రులు, టీకాలు వీళ్ల పనుల్లో చేర్చింది. 1882లో అప్పటి వైస్రాయి రిపన్ ప్రభువు తీర్మానం వచ్చింది. పోలీసు ఖర్చు తీసేయండి, దానికి బదులు చదువు, వైద్యం అప్పగించండి, సభ్యుల్లో అధికారులు కానివాళ్లు ఎక్కువమంది ఉండాలి, వీలైన చోట వాళ్లను ఎన్నుకోవాలి, అధికారి కానివాడు అధ్యక్షుడు కావాలి అన్నది దాని సారాంశం. ఆ తీర్మానం వెంట 1884లో మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం, తర్వాత 1920లో ఇంకొకటి. స్వాతంత్ర్యం వచ్చాక 1965లో ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం. ఓటు మాత్రం చాలాకాలం పన్ను కట్టేవాడికే. పడవ మీద సరుకు మోసినవాడికి ఓటు రావడానికి స్వతంత్ర భారతం దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ పాతకాలంలో ఈ ఊరు ఎంతుండేదో ఒక లెక్క చెబుతాను. 1901 జనాభా లెక్కల్లో భీమిలిలో 10 వేల పైచిలుకు మనుషులు. విశాఖపట్నంలో 40 వేల పైచిలుకు. నాలుగు రెట్ల తేడా అంతే. ఇవాళ ఆ పోలికే ఊహించలేం.

ఆ తేడా ఎలా పెరిగిందో చూడండి. 1893లో ఈస్ట్ కోస్ట్ రైల్వే మన ప్రాంతంలో రైళ్లు నడపడం మొదలుపెట్టింది. లైను విజయనగరం మీదుగా లోపలి నుంచి పోయింది. భీమిలికి రాలేదు. అంతకుముందు ఎడ్లబండ్ల మీద ఈ రేవుకొచ్చే సరుకు రైలెక్కడం మొదలైంది. అయినా రేవు కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. 1933లో విశాఖలో లోపలి హార్బరు తెరిచారు. అక్కడ ఓడ ఏకంగా గట్టు పక్కకే వచ్చి ఆగుతుంది. మసూలా పడవతో పనే లేదు. ఇక్కడ సముద్రంలో ఊగే ఓడకు అందించే సరుకు అక్కడ రైలు పెట్టెలోంచి నేరుగా ఓడలోకి పోతుంది. ఏ వర్తకుడైనా ఎటు పోతాడు? చిట్టివలసలో గోస్తనీ ఒడ్డున జూట్ మిల్లు ఉండబట్టి ఇంకా కొన్ని వేల కుటుంబాల్లో పొయ్యి వెలిగింది. 2009లో ఆ మిల్లు కూడా మూతపడింది.

రేవు పోయింది, మిల్లు పోయింది, మున్సిపాలిటీ మాత్రం మిగిలింది. నా అభిప్రాయంలో ఈ ఊరిని ‘విశాఖ పక్కన ఒక బీచ్’ కాకుండా ఒక ఊరుగా నిలబెట్టింది ఆ ఆఫీసే.

అది ఎలాగో చెప్పాలంటే చిన్న మున్సిపాలిటీలో పని ఎలా జరుగుతుందో చెప్పాలి. డిమాండ్ రిజిస్టర్ అని ఒక పెద్ద పుస్తకం ఉండేది. రెండు చేతులా పట్టుకుంటే గానీ లేవదు. అందులో ఒక్కో ఇంటికి ఒక వరస. అసెస్‌మెంట్ నంబరు, యజమాని పేరు, ఇల్లు పెంకుటిల్లా తాటాకిల్లా డాబానా, వార్షిక అద్దె విలువ ఎంత, అర్ధ సంవత్సరానికి పన్నెంత, పాత బకాయి ఎంత, కట్టింది ఎంత. పన్ను ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. మంచి బిల్ కలెక్టరు ఆ పుస్తకం తెరవకుండానే వీధి మొత్తం చెప్పగలడు. ఫలానా ఇంట్లో పెద్దాయన పోయాడు, ముగ్గురు కొడుకుల మధ్య వాటాలు తేలలేదు, అందుకే బకాయి. ఫలానా ఇంటికి వెనక రెండు గదులు కొత్తగా లేచాయి, రివిజన్ వెయ్యాలి. ఫలానా ఆవిడ ముందు కుళాయిలో నీళ్లు రప్పించండి, తర్వాత పన్ను అడగండి అని తలుపేసింది. ఆవిడ అన్నమాట సాయంత్రానికి ఆఫీసులో పంపు ఆపరేటరు చెవిన పడేది. వాడూ ఆ పక్కవీధి వాడే. పన్ను అడిగేవాడూ, నీళ్లు వదిలేవాడూ, చెత్త ఎత్తించే శానిటరీ మేస్త్రీ, అర్జీ తీసుకునే కౌన్సిలరూ అందరూ ఒక మైలు లోపల ఉంటారు. కౌన్సిలరు వార్డులో నడుచుకుంటూ పోతుంటే నలుగురు ఆపి నిలదీసేవారు. కౌన్సిల్ సమావేశంలో బడ్జెట్ పెట్టేటప్పుడు ఎవరైనా వెళ్లి కూర్చుని వినొచ్చు. గొడవలు జరిగేవి, వాకౌట్లు జరిగేవి, కాంట్రాక్టుల మీద ఆరోపణలూ వచ్చేవి. చిన్న ఊరి మున్సిపాలిటీల్లో అవినీతి లేదని నేను చెప్పను. కానీ అడగడానికి ఒక గుమ్మం ఉండేది, నడిచివెళ్లే దూరంలో.

ఇదే మాటను మన రాజ్యాంగం కూడా చెప్పింది. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకొచ్చింది. పట్టణ స్థానిక సంస్థకు ఐదేళ్ల కాలపరిమితి, అది ముగిసేలోపే మళ్లీ ఎన్నిక జరగాలి. 243యు అధికరణం. 12వ షెడ్యూల్లో 18 పనులు: నీళ్లు, పారిశుధ్యం, పట్టణ ప్రణాళిక, భవనాల అనుమతులు, వీధి దీపాలు, శ్మశానాలు, అన్నీ. ఐదేళ్లు గడిచేలోపు ఎన్నిక అన్నది సలహా కాదు, రాజ్యాంగం పెట్టిన నిబంధన.

మరి భీమిలిలో ఏం జరిగింది? రాష్ట్రంలో మున్సిపాలిటీలకు 2005లో ఎన్నికలయ్యాయి. 2010లో గడువు ముగిసింది. ఎన్నికలు పెట్టలేదు. ప్రత్యేకాధికారి పాలన. ఈలోగా 2013లో భీమిలిని, అనకాపల్లిని జీవీఎంసీలో కలిపేశారు. 2014లో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగితే మనకు లేవు, ఎందుకంటే మనం అప్పటికే కార్పొరేషన్. సరే, కార్పొరేషన్‌లోనైనా మనకు ప్రతినిధి ఉన్నాడా అంటే ఆ పాలకవర్గం గడువూ 2012లోనే ముగిసింది. అక్కడ మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. లెక్క వేసుకోండి. 2010 నుంచి 2021 దాకా పదేళ్లకు పైగా ఈ ఊరికి ఎన్నికైన స్థానిక సభ్యుడు ఒక్కడు లేడు. మీలో చాలామంది బడిలో చేరి, పది పాసయ్యేంత కాలం అది.

ఆ పదేళ్లలో ఏం వచ్చిందో మీకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. చెట్లు, స్తంభాలు, పైకప్పులు, పడవలు, వలలు. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. తర్వాత 2020లో కరోనా. ఈ రెండు సమయాల్లోనూ ఏ వీధిలో ఎవరికి బియ్యం అందలేదో, ఎవరి పడవ పోయి జాబితాలో పేరు రాలేదో చెప్పి పోట్లాడటానికి వార్డు మనిషి కావాలి. ఉద్యోగులు కష్టపడ్డారు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను, నేనూ ఆ ఉద్యోగినే. కానీ ఉద్యోగి పైఅధికారికి జవాబు చెప్పాలి. ఎన్నికైనవాడు మీకు జవాబు చెప్పాలి. తుపానొచ్చినప్పుడు ఈ రెండూ కావాలి.

విలీనం చేసినవాళ్ల వాదన కూడా వినాలి. చిన్న మున్సిపాలిటీకి ఆదాయం చాలదు, జీతాలకే సరిపోదు, పెద్ద నీటి పథకం కట్టలేదు, భూగర్భ డ్రైనేజీ వెయ్యలేదు, కార్పొరేషన్ అయితే అప్పు పుడుతుంది, ఇంజినీర్లు ఉంటారు. ఇందులో నిజం ఉంది. విశాఖ నుంచి బీచ్ రోడ్డు వెంట ఊరు పెరుగుతూ వచ్చి మీదాకా చేరుకుంది, మధ్యలో గీత గీయడం కష్టమే. కానీ ఇంజినీర్లు రావడానికి కౌన్సిల్ పోవాలా? రెండూ ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్నకు నాకు ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు. ఊరి బాగోగులు మళ్లీ ఊరి బయటే తేల్చారు, 1824లో లాగే.

ఇప్పుడు జీవీఎంసీలో 98 వార్డులున్నాయి. భీమిలి వైపు నుంచి వెళ్లేవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా సభకు మన గోస్తనీ ముఖద్వారం, మన జాలరిపేటలు, మన సమాధుల తోట ఎంత పట్టింపుగా ఉంటాయో ఆలోచించండి. తీరంలో ఉన్న ఊరికి తీరానికి సంబంధించిన ప్రశ్నలుంటాయి. సముద్రం పోటు ఎక్కడిదాకా వస్తుందో చూపే గీత ఎక్కడ గీశారు, కోస్తా నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల ప్రకారం ఎక్కడిదాకా కట్టొచ్చు, పడవలు ఒడ్డుకు లాక్కునే చోటు, వలలు ఆరేసుకునే చోటు ఎవరిది, ఎండుచేపలు ఆరబెట్టే ఇసకలో రిసార్టు గోడ లేస్తే ఎవరు ఆపాలి. గాజువాకలోనో గోపాలపట్నంలోనో ఉండే కార్పొరేటరుకు ఇవి తెలియాలని లేదు. తప్పు వాళ్లది కాదు. వాళ్ల వార్డు సమస్యలు వాళ్లకున్నాయి.

ఇంకో సంగతి చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు భీమునిపట్నం రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఆర్డీవో ఆఫీసు వచ్చింది. అంటే కొన్ని మండలాలకు కేంద్రంగా ఉండే స్థాయి ఈ ఊరికి ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది. తన వీధి దీపాల గురించి తాను తీర్మానం చేసుకునే స్థాయి మాత్రం లేదట. అనకాపల్లి పరిస్థితి ఇంకా వింత. అది ఏకంగా జిల్లా కేంద్రమైంది, కానీ ఆ పట్టణం మాత్రం పక్క జిల్లా కేంద్రంలోని కార్పొరేషన్‌లో ఉంది.

సరే, ఏం చేయాలి? విడదీసి పాత మున్సిపాలిటీని తిరిగి ఇచ్చెయ్యమని అడిగేవాళ్లున్నారు. ఆ కోరికలో న్యాయం ఉంది. అది ప్రభుత్వం తేల్చాలి, ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతోంది. ఆ కమిటీ భీమిలిలోనే కూర్చోవాలి, తేదీ ముందే ప్రకటించాలి, తలుపులు తెరిచి ఉంచాలి. అలాగే మన జోన్‌లో, అంటే కార్పొరేషన్‌లోని భీమిలి విభాగంలో, ఇంటి పన్ను ఎంత వసూలైంది, మన జోన్‌లో ఎంత ఖర్చు పెట్టారు అన్న రెండు అంకెలు ప్రతి ఏటా విడిగా చూపించాలి. 2021 నుంచి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. సముద్రం పక్కన భూముల ధరలు ఎలా పెరిగాయో మీకు తెలుసు. అంటే ఈ ఊరి నుంచి వెళ్లే పన్ను పెరుగుతుంది. పెరిగిన పన్నుకు తగ్గట్టు ఏం వచ్చిందో అడిగే హక్కు మీకుంది.

మూడోది నా మనసుకు బాగా దగ్గరైన విషయం. పాత మున్సిపాలిటీ కాగితాలు. కౌన్సిల్ తీర్మానాల పుస్తకాలు, పన్నుల రిజిస్టర్లు, జనన మరణ రిజిస్టర్లు. ఆఫీసులు మారినప్పుడు, విలీనాలు జరిగినప్పుడు మొదట పోయేవి ఇవే. చెద పడుతుంది, వాన నీళ్లు దిగుతాయి, ఎవరో పాత కాగితాల కింద తూకానికి వేసేస్తారు. నేను పనిచేసిన ఒక ఊళ్లో అలా ఒక గదినిండా పుస్తకాలు పోవడం చూశాను. ఏ సంవత్సరం కలరాకు ఎంతమంది పోయారు, ఏ వీధిలో మొదటి దీపం ఎప్పుడు పెట్టారు, ఏ బడికి ఎంతిచ్చారు, ఇవన్నీ వాటిలో ఉంటాయి. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. మామూలు ఊరి చరిత్రకు ఇవే శాసనాలు. డచ్చి సమాధుల మీది రాళ్లకు పురావస్తు రక్షణ ఉంది, మంచిదే. మన సొంత మనుషుల పేర్లున్న రిజిస్టర్లకూ అంత శ్రద్ధ కావాలి. మిగిలినవాటిని స్కాన్ చేసి, ఒక ప్రతి ఇక్కడి గ్రంథాలయంలో పెట్టాలి.

ఈ పని మీతో మొదలుపెట్టించాలనే ఇవాళ వచ్చాను. సమాచార హక్కు చట్టం కింద అర్జీకి పది రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండు అర్జీల నమూనాలు రాసి తెచ్చాను, మీ చరిత్ర అధ్యాపకుల దగ్గర ఉంచుతాను. ఒకటి గత ఐదేళ్లలో భీమిలి జోన్ పన్ను వసూళ్లు, ఖర్చుల వివరాలు అడిగేది. రెండోది 1861 నుంచి 2013 దాకా మున్సిపాలిటీ రికార్డుల్లో ఏవి మిగిలాయి, ఎక్కడున్నాయి, ఎవరి సంరక్షణలో ఉన్నాయి అని అడిగేది. పేరు, చిరునామా రాసి సంతకం పెడితే చాలు. జవాబు వచ్చాక నన్ను పిలవండి, ఆ అంకెలు ఎలా చదవాలో కూర్చుని చూసుకుందాం. ఇంక మీ ప్రశ్నలు అడగండి. ఇందాకటి నుంచి ఆ వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తే ఉంచింది, ముందు మైకు ఆవిడకివ్వండి.